బియ్యం ఇచ్చినవాళ్ళు, అన్నం పెట్టినావిడ

ఇంగ్లండు నుంచి వచ్చి ఇంట్లో నడుం వాల్చానో లేదో, మళ్ళీ సంచి సర్దుకోవలసి వచ్చింది. ఓడలో పట్టుకున్న ఊపు ఇంకా ఒంట్లోంచి పోలేదు. మంచం మీద పడుకుంటే మంచం ఊగుతోంది. "ఇప్పుడెక్కడికిరా?" అంది అమ్మ. మిర్యాలగూడ అన్నాను. "నైజాంలోకా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. నైజాం సర్కారు పోయిన మరుసటి ఎండాకాలం అది. అటు రోడ్ల మీద సైన్యం లారీలు తిరుగుతున్నాయనీ, కొత్త మొహం కనిపిస్తే ఆపి అడుగుతున్నారనీ మా బెజవాడలో రోజూ ఏదో ఒకటి వినేవాళ్ళం. మా వీధిలో చాలామంది అటు వెళ్ళడం మానుకున్నారు. అలా వెళ్ళనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వెళ్ళమని మాత్రం చెప్పను. ఆ ఎండకు నేను పడ్డ పాట్లు చాలు.

నాకు వెళ్ళక తప్పింది కాదు. సామేలుకు మాట ఇచ్చాను.

సామేలుది మిర్యాలగూడ. నేను అద్దకం రసాయనాలు చదవడానికి, అతను ఉపాధ్యాయ శిక్షణకు ఒకే ఓడలో వెళ్ళాం. ఉత్తర ఇంగ్లండులో పొగగొట్టాల ఊరొకదానిలో ఒకే ఇంట్లో అద్దెకు దిగాం. నేను బ్రాహ్మణ్ణి. అతను ఊరి బయట పాలెంలో పుట్టిన క్రైస్తవుడు, మిషను వాళ్ళ సాయంతో వచ్చాడు. మన దేశంలో అయితే మేమిద్దరం ఒక బావిలో నీళ్ళు తోడుకోగలిగేవాళ్ళం కాదు. అక్కడ ఒకే గిన్నెలో తిన్నాం.

యుద్ధం అయిపోయినా అక్కడ తిండికి కటకటే. గుడ్డు, వెన్న, చక్కెర అన్నీ కూపన్ల మీదే. మాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ ముసలామె, కొడుకు యుద్ధంలో పోయాడు. తన వంతుకు వచ్చిన గుడ్డు ఒక వారం నాకు, ఒక వారం సామేలుకు పెట్టేది. మీది ఏ కులం అని ఒక్కనాడూ అడగలేదు. పాపం, ఆమెకు అడగాలని తెలియదు కూడా. నా వంతు గుడ్డు ఎవరు తినేవారో ఇక్కడ రాయను, ఇది మా అమ్మ చదువుతుంది.

ఆమె పెరట్లో రూబార్బ్ అని ఒక మొక్క ఉండేది. ఎర్రటి కాడలు, కొరికితే పళ్ళు పులిసిపోతాయి. దొరలు దాన్ని చక్కెర పోసి ఉడికించుకుంటారు. చక్కెర లేక అది ఊరికే పోతుంటే సామేలు ఒక కాడ కొరికి చూసి, "అరే, ఇది మా అమ్మ సింతసిగురే!" అని గంతేశాడు. అప్పటినుంచి అదే మా వంట. కందిపప్పుకు బదులు అక్కడ దొరికే ఎర్రపప్పు, చింతచిగురుకు బదులు ఆ కాడలు, మిషను వాళ్ళు వచ్చేటప్పుడు సామేలు వాళ్ళమ్మ గుడ్డసంచిలో కుట్టి పంపిన ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు. పప్పు దించాక పచ్చి ఎల్లిపాయ రెబ్బలు చితక్కొట్టి పైన వేసి, వెంటనే మూత పెట్టేవాడు. అది వాళ్ళమ్మ పద్ధతి. వంటంతా నాకు నేర్పాడు గానీ ఉప్పు మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "గదొక్కటి నీకు రాదు, నాకు ఇడిసిపెట్టు" అనేవాడు. నిజమే, రాదు.

నా చదువు ముందు ముగిసింది. బయలుదేరేముందు, మీ ఊరు వెళ్ళి మీ అమ్మను చూసి వస్తాను అన్నాను.

"సూసుడు కాదు" అన్నాడు సామేలు. "గీడ నాతోని తినుడు పెద్ద ముచ్చట కాదు. గీడ మనల్ని ఎవరు సూస్తరు? గాడ మా గుడిశెల కూసొని మా అమ్మ సేతి బువ్వ తిను. ఏం పెట్టిందో అమ్మే నాకు రాయించాలె. నువ్వు రాస్తె నేను నమ్మ. అట్లయితే నేను తిరిగొచ్చినంక గూడ మనం దోస్తులం. లేకుంటె మన దోస్తానా ఈ పొయ్యి కాడికే ఖతం."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

కోదాడ

బెజవాడ బస్సు కోదాడ చేరేసరికి నా తెల్లచొక్కా మట్టిరంగుకు తిరిగింది. అద్దకం చదివినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఆ రోడ్డు దుమ్ము రంగు ఏ సబ్బుకూ పోదు. ఊరి దగ్గర నాకాలో అందరినీ దింపారు. సరిహద్దులో సుంకం వసూలు చేసే పనిని అక్కడ కరోడ్‌గిరి అంటారు. నైజాం పోయినా ఆ నాకా పోలేదు. ఖాకీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నా సంచి బోర్లిస్తే అందులోంచి దట్టమైన ఉన్ని శాలువ పడింది. ఇంగ్లండులో మా ఇంటావిడ స్వయంగా అల్లి సామేలు వాళ్ళమ్మకు పంపిన శాలువ అది.

"ఇదేందండీ బాబూ, ఈ ఎండలో ఉన్ని శాలువ?" అన్నాడాయన.

"ఇంగ్లండు నుంచి ఒకామెకు పంపారండీ."

"ఏం, ఆమెకేమన్నా చలిజరమా?"

బస్సువాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు నవ్వే ఓపిక లేదు. ఇంగ్లండు మాట విని తుపాకీ పట్టుకున్న సిపాయి ఒకడు దగ్గరకు వచ్చాడు. అక్కడేం చదివావని హిందీలో అడిగాడు. రంగుల చదువు అన్నాను. "ఎర్రరంగు కూడానా?" అన్నాడు నా కళ్ళలోకి చూస్తూ. కమ్యూనిస్టుల కోసం గాలిస్తున్న ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవాడు బస్సు ఎక్కడు. టోపీ పెద్దాయనే కల్పించుకుని, "పోనీయండి సాబ్, సదువుకున్న పిల్లగాడు, ముసలమ్మకు శాలువ తీసుకుపోతున్నాడు" అని నా సంచి నా చేతిలో పెట్టాడు.

అక్కడి చాయ్ గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు కాఫీ లేకపోతే తెల్లవారదు. కోదాడ దాటితే కాఫీ అడిగేవాణ్ణి రోగిష్టిలా చూస్తారు. పాలు మరిగి మరిగి మీగడ కట్టిన చాయ్, అణాకు ఒక కప్పు, సాసరులోకి పోసుకుని జుర్రాలి. మా రూపాయిని కల్దార్ అంటారు, వాళ్ళదాన్ని హాలీ అంటారు. చిల్లర ఏది తిరిగి వచ్చిందో చూసుకోకుండా జేబులో వేసుకోవడమే మేలు, చూసుకుంటే తల తిరుగుతుంది.

ఎదురుగా బ్రాహ్మణ భోజన హోటలు కనబడితే ప్రాణం లేచి వచ్చింది. యజమాని మా వైపు మనిషే. ఆకు వేస్తూ, ఎవరి పిల్లలు, ఏం చేస్తుంటారు అని అడిగాడు. నా నోరు ఊరుకోక ఇంగ్లండు నుంచి వచ్చానన్నాను. అంతే, వేసిన ఆకు తీశాడు.

"ఏమనుకోకండి బాబూ, లోపల పంక్తిలో వైదికులున్నారు. సముద్రం దాటినవారితో కూర్చోరు. మీకు అరుగు మీద వడ్డిస్తాను, గాలి కూడా వస్తుంది."

గాలి రాలేదు, ఈగలు వచ్చాయి. ఎదురుగా ఒక కుక్క కూర్చుని నా ప్రతి ముద్దనూ లెక్కపెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంటికి రాగానే అమ్మ ప్రాయశ్చిత్తం చేయించింది, గోమూత్రం కూడా మింగాను, అయినా నా కాళ్ళకు ఇంకా సముద్రం అంటుకునే ఉందట. ఆ కోపంతోనే పప్పుచారు మూడుసార్లు పోయించుకున్నాను.

సూర్యాపేట

మా వీధి ధాన్యం కొట్టాయన సూర్యాపేట గంజిలో తనకు తెలిసిన రంగయ్య సేటుకు ఉత్తరం ఇచ్చి పంపాడు. గంజి అంటే అక్కడ ధాన్యం అంగడి. ఎండుమిర్చి ఘాటుకు వీధి మొదట్లోనే తుమ్ములు మొదలయ్యాయి. పల్లికాయ, కందులు, వడ్లు కుప్పలు పోసి ఉన్నాయి గానీ బళ్ళు పలచగా ఉన్నాయి. రోడ్లు బాగాలేవని రైతులు సరుకు బయటికి తీయడం లేదని సేటు వాపోయాడు. మంచి మనిషి. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, పట్టె మంచం వేయించాడు, విసనకర్ర ఇచ్చాడు. లోపలినుంచి కమ్మటి తాలింపు వాసన వస్తోంది. అబ్బ, ఇక ఈ పూటకు గండం గడిచింది అనుకుని కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక పళ్ళెం ఉంది. బియ్యం, కందిపప్పు, ఒక దోసకాయ, చిన్న గిన్నెలో నెయ్యి, పక్కన కొత్త కుండ, కట్టెలు.

"స్వయంపాకం అయ్యగారూ" అన్నాడు సేటు చేతులు జోడించి. "పెరట్ల మూడు రాళ్ళు పెట్టిచ్చిన. మీరు మడి కట్టుకొని వండుకోండ్రి."

తెలియనివాళ్ళకు చెబుతాను. ఇతర కులాలవాళ్ళు వండింది బ్రాహ్మణుడు తినడు గనుక, ఇంటికి వచ్చిన బ్రాహ్మణుడికి వండని సామాను ఇచ్చి, నువ్వే వండుకో అని దండం పెట్టడం మన మర్యాద. దాని పేరు స్వయంపాకం. పుస్తకంలో చదివితే ఎంతో గౌరవంగా ఉంటుంది. రోజంతా బస్సులో కుదేలైనవాడికి అది శిక్ష.

"సేటు గారూ, నాకు మీ ఇంట్లో వండిందే పెట్టండి. నాకు అభ్యంతరం లేదు" అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. తలుపు వెనకనుంచి సేటు భార్య అందుకుంది. "అట్ల అనకుండ్రి అయ్యగారూ. మీకేం, సదువుకున్నోళ్ళు, తిని పోతరు. ఆ పాపం మాకు తగుల్తది."

చేసేది లేక పెరట్లో కూలబడి పొయ్యి ఊదాను. ఇంగ్లండులో గ్యాసు పొయ్యి మీద వండడం నేర్చుకున్న వెధవను, కట్టెపొయ్యి ఏం తెలుసు? కళ్ళనిండా పొగ. సేటు భార్య గుమ్మంలో నిలబడి, "మంట ఎక్కువైంది", "గంజి వార్చండ్రి", "అయ్యో, అడుగంటింది" అని ఒకటే పోరు. అన్నీ చెబుతుంది గానీ గడప దాటి ఒక్క కట్టె వెనక్కి లాగదు. ఆమె చేతులు పని చేయలేక తీటపెడుతున్నాయని నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి మాడిన అన్నం, ఉప్పు ఎక్కువైన పప్పు తిని పడుకున్నాను. ఈ జిల్లాలో అందరూ బియ్యం ఇస్తారు, అన్నం పెట్టేవాళ్ళు మాత్రం లేరు అనుకున్నాను. నిద్ర పట్టేదాకా అదే మాట.

మూసీ ఇసుక

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ బస్సు మూసీ దాటేచోట ఇసుకలో కూరుకుపోయింది. ఏట్లో నీళ్ళు లేవు, ఉన్నదంతా కాలే ఇసుకే. అందరం దిగి తోశాం. "ఇంగ్లండు నుంచి వచ్చిన సారు గూడ తోస్తుండు!" అని డ్రైవరుకు మహా సంబరం. ఆ సంగతి వాడికెలా తెలిసిందో ఆ శాలువకే తెలియాలి.

ఒడ్డున తాడిచెట్ల కింద ఒక గీతకార్మికుడు ముంజలు కొడుతున్నాడు. నా వాలకం చూసి పిలిచి, ఒక కాయ చెక్కి చేతిలో పెట్టాడు. "తాగు సారూ, పానం సల్లబడతది." బొటనవేలితో పొడిచి ఆ తియ్యటి నీళ్ళు జుర్రుకుంటుంటే ఏడుపొచ్చినంత పనైంది. నువ్వెవరు అని అతను నన్ను అడగలేదు. పండుకూ కాయకూ అంటు లేదు. వండితేనే మనకు తంటా అంతా.

మిర్యాలగూడ

బస్సు దిగి పాలెం ఎటు అని అడిగితే అడిగిన ప్రతివాడూ ముందు నన్ను ఎగాదిగా చూశాడు. "మీకు గాడ ఏం పని పంతులూ?" అన్నారు. ఊరు దాటి, బియ్యం మిల్లు పొట్టు కుప్పలు దాటి వెళ్ళాను. సామేలు తల్లి ఎలీశమ్మ ఆ మిల్లులోనే బియ్యం చెరుగుతుంది. అప్పుడే పని ముగించుకుని గుడిశె ముందుకు వచ్చింది. పొట్టి మనిషి, జుట్టు నిండా తవుడు. సామేలు పేరు చెప్పగానే చేతిలో చేట కింద పెట్టేసింది.

"మంచిగున్నడా?"

"బాగున్నాడమ్మా."

"తింటున్నడా?"

"తింటున్నాడు. మీరు చేసినట్టే వండుకుంటున్నాడు."

"బక్కగయిండా?"

"లేదమ్మా, నాకంటే లావుగానే ఉన్నాడు."

నన్ను పైనుంచి కింద దాకా చూసి, "గట్లయితే బక్కగనే ఉన్నడు" అంది.

శాలువ ఇచ్చాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె దాన్ని విప్పి భుజాల చుట్టూ నిండా కప్పుకుంది. నుదుటినుంచి చెమట ధారగా కారుతోంది, తీయదు. "మావోడు ఉండే కాడ గింత సలుంటదా?" అంది. ఉంటుందన్నాను. "గింత సలిల ఎట్ల పండుకుంటుండో" అని ఇంకాస్త బిగించుకుంది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. సామేలు ఏమన్నాడో, ఏం రాయించమన్నాడో అంతా చెప్పాను. ఆమె మొహంలో కళ తప్పింది.

"వాడు సిన్నప్పటి సంది గంతే, మొండోడు. అయ్యా, మీరేం పరేషాన్ గాకుండ్రి. తిన్నరనే రాయిస్త. ఏం పెట్టిన్నో గూడ రాయిస్త. వానికెట్ల ఎర్కయితది?"

నిజం చెబుతున్నాను, సరే అనడానికి నోరు తెరిచాను. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఆమె రాయిస్తుంది, వాడు నమ్ముతాడు, నేను తిరుగు బస్సు ఎక్కుతాను. కానీ వాడు ఆ ముక్క చదువుకుని మా ఇంటావిడ పెరట్లో గంతులేస్తాడు గదా అనిపించింది. అది తలుచుకుని సరే అనలేకపోయాను.

"అబద్ధం వద్దమ్మా. మీరు పెట్టండి, తింటాను."

"మీరు తిని పోతరు. రేపు పొద్దుగాల నేను మిల్లుకు పోవాలె గద" అంది. "బాపనయ్యను సెడగొట్టిందంటరు. నా పని పాయె. వాడు అచ్చేదాంక నేను బతకాలె గదా అయ్యా."

తినేది నేను, పడేది ఆమె.

నేను వస్తూ దారి అడిగినప్పుడే ఊళ్ళో తెలిసిపోయినట్టుంది. కాసేపట్లో మిల్లు సేటు గుమాస్తా సత్తయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. వెనక పళ్ళెం మోస్తూ ఒక మనిషి. పళ్ళెంలో ఏముందో నేను చూడనక్కర్లేదు. బియ్యం, కందిపప్పు, ఉప్పు, మిరపకాయలు, నెయ్యి, విస్తరాకు, కొత్త కుండలు. బిందెడు నీళ్ళు సత్తయ్యే స్వయంగా తోడి తెచ్చాడు.

"ఊరికి పెద్దోళ్ళు అస్తే ఉపాసం పంపద్దని సేటు పంపిండు. మీరు వంట కానియ్యుండ్రి, నేను గీడనే ఉంట" అని గొడుగు కింద కూర్చున్నాడు. ఎవరు దేన్ని ముట్టుకుంటారో చూడ్డానికే కూర్చున్నాడని అందరికీ తెలుసు. ఎలీశమ్మ నాకు దూరంగా, గుడిశె గోడకు ఆనుకుని నిలబడింది.

మూడు రాళ్ళు, మళ్ళీ పొగ. పప్పు ఉడుకుతుంటే అడిగాను. "అమ్మా, చింతచిగురు దొరుకుతుందా?"

ఆమె ఉలిక్కిపడింది. పక్క గుడిశె ఆవిడ కొంగు నిండా లేత చిగురు కోసుకొచ్చి దూరంనుంచే చేటలో జారవిడిచింది. దాన్ని రెండు చేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి, పప్పులో వేశాను. రూబార్బ్ కాడలు నరికి వేసిన చేతులు గదా, వాటికి అలవాటే. మిరపకాయలు చిదిమి వేశాను. అప్పుడు పళ్ళెమంతా వెతికి, "అమ్మా, ఎల్లిపాయలు ఉన్నాయా?" అన్నాను.

సత్తయ్య గొడుగు దింపాడు. "పంతులూ, మీరు ఎల్లిపాయ తింటరా?"

"తింటానయ్యా, పచ్చిది. పప్పు దించాక దంచి వేసి మూత పెట్టాలి."

పాలెంలో ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఎలీశమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి ఒక ఎల్లిగడ్డ తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. దూరం పోకుండా అక్కడే గొంతుక్కూర్చుంది.

"గిది మా వాడు నేర్పిండా?"

"మీ వాడే నేర్పాడు. ఉప్పు ఒక్కటే నేర్పలేదు."

ఉప్పు వేశాను. ఆమె కుండలోకి తొంగిచూసి, "సాలదయ్యా" అంది. ఇంకొంచెం వేశాను. "ఏస్తున్నరా, సల్లుతున్నరా? సింతసిగురుకు ఉప్పు పడతది." ఎంత వేయాలమ్మా అన్నాను. "సేతి మందం." ఎవరి చేతి మందం? నేను మళ్ళీ చిటికెడు తీశాను. "అయ్యో రామ, గట్ల కాదు!" అంటూ ఆమె లేచింది. శాలువ చెంగు భుజం మీదికి విసిరింది, ఉప్పులో చెయ్యి పెట్టింది, కుండలో వేసింది, నా చేతిలో గరిటె లాక్కుని తిప్పింది, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది.

"ఇగో, ఇప్పుడు అయింది" అంది.

అన్నాక తెలిసింది ఆమెకు. గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆడవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి.

"నా సేతులిరగ! ఎంత పని జేస్తి!" అని గొల్లుమంది. "అయ్యా, పారబొయ్యుండ్రి. అలవాటుల సేసిన, పారబొయ్యుండ్రి."

సత్తయ్య లేచి నిలబడ్డాడు. "ఎలీశమ్మా, ఎంత పని జేసినవే! పంతులూ, మీరు పరేషాన్ గాకుండ్రి. మల్ల సామాన్లు తెస్త, మల్ల వండుకోండ్రి."

మళ్ళీ వండుకోవాలి. ఆ మాట విన్నాక నాలో ఏదో తెగింది. ధైర్యం కాదు, ఆదర్శం కాదు. అరుగు మీద ఈగలు, సేటు పెరట్లో పొగ, మూసీ ఇసుక, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"నేను మళ్ళీ వండలేను" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "నా వల్ల కాదు. సూర్యాపేట నుంచి అందరూ నాకు బియ్యమే ఇస్తున్నారు. ఇంకొక్కసారి పొయ్యి ఊదమంటే నేనిక్కడే పడి చస్తాను. అమ్మా, నువ్వు పెడితే తింటాను. లేకపోతే ఇలాగే పడుకుంటాను."

సత్తయ్య నా వైపు చూశాడు. ఎలీశమ్మ వైపు చూశాడు. ఆయన నీళ్ళ బిందె దగ్గరకు నడిచాడు. అది నిండుగా ఉంది. దాన్ని వంచి నీళ్ళన్నీ నేల మీద పారబోశాడు.

"నీళ్ళు అయిపోయినయ్. నేను బాయికాడికి పోతున్న. నేనేం సూడలే" అని బిందె భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ బావి అంత దూరం కాదు. తిరిగి రావడానికి మాత్రం ఆయనకు చాలాసేపు పట్టింది.

నేను ఆకు తీసుకుని గుడిశెలోకి పోయి కూర్చున్నాను. లోపల చల్లగా ఉంది. ఎలీశమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి వచ్చింది, మళ్ళీ గుమ్మం దాకా పోయి వీధి చూసింది. తర్వాత వచ్చి వంగి వడ్డించింది. మొదటి ముద్దకే నాకు ఆ పొగగొట్టాల ఊరు, ఆ వంటిల్లు, కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరి కళ్ళ ముందుకు వచ్చాయి. వాడు అయిదు వేల మైళ్ళ అవతల పుల్లకాడలతో వెతుక్కుంటున్న రుచి ఇది. ఇన్నాళ్ళూ మేం తిన్నది దీని నీడ మాత్రమే. సిగ్గు విడిచి మళ్ళీ పెట్టమన్నాను. "పెడత, పెడత, మెల్లగ తిండ్రి" అంది.

నేను చెయ్యి కడుక్కున్నాక మిగిలింది ఆమె తింది. తింటూ తింటూ ఆగి, "మావోడు మర్శిపోలే" అంది.

పొద్దు వాలుతుండగా ఉత్తరం రాయించింది. నా దగ్గరున్న విమానం కవరు ఇచ్చాను. ఆ పాలెంలో రాయడం వచ్చినవాళ్ళెవరూ అప్పుడు లేరు. రాసింది సత్తయ్యే.

"బిడ్డా, నీ దోస్తు వచ్చిండు" అని మొదలుపెట్టింది ఎలీశమ్మ. "పప్పు ఆయనే వండిండు, నువ్వు నేర్పినట్టే వండిండు. ఉప్పు నేనేసిన."

సత్తయ్య కలం ఆపాడు. "నేను సూడలే గద."

"నేను సెప్తున్న, నువ్వు రాయి."

రాశాడు.

"మన గుడిశెల కూసొని తిన్నడు. మల్ల అడిగి పెట్టించుకున్నడు. శాలువ కప్పుకొని సూసిన. గింత సలిల ఉంటున్నవా బిడ్డా?"

తిరుగు దారి

రాత్రి ప్రార్థన మందిరం అరుగు మీద పడుకున్నాను. తెల్లవారి బస్సుకు బయలుదేరుతుంటే ఎలీశమ్మ మోదుగాకుల మూట ఒకటి తెచ్చి నా సంచిలో తనే పెట్టింది. "సద్ది కట్టిన. తొవ్వల తిండ్రి" అంది. తింటారా అని అడగలేదు. ఆమె మెడ చుట్టూ శాలువ అలాగే ఉంది. మిల్లు వైపునుంచి సత్తయ్య కేక వినిపించింది. "ఎలీశమ్మా, పొద్దెక్కుతుంది, పనికి అస్తవా లేదా?" "అస్తున్న, అస్తున్న" అని ఆమె చేట పట్టుకుని పరిగెత్తింది. ఆ కేక వినేదాకా నా గుండె నా దగ్గర లేదు.

కోదాడ నాకాలో మళ్ళీ అదే టోపీ పెద్దాయన. మూట బయటికి తీసి చేత్తో తూచాడు.

"ఈసారి ఏందండీ, దుప్పటా?"

"కాదండీ. అన్నం."

"ఎవరు కట్టిచ్చారు?"

"మా సామేలు వాళ్ళ అమ్మ" అన్నాను. బస్సులో అందరికీ వినబడేలాగే అన్నాను. ఆయన మూట వాసన చూసి, "చింతచిగురు!" అని గుటక వేసి, జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

బెజవాడ బస్సుకు ఇంకా వేళ ఉంది. హోటలాయన నన్ను గుర్తుపట్టి బయటికి వచ్చాడు. "రండి బాబూ రండి, ఈ పూట పంక్తిలో వైదికులెవరూ లేరు. లోపలే కూర్చోబెట్టి వడ్డిస్తాను."

"వద్దండీ, నాకు అన్నం ఉంది" అన్నాను.

హోటలు అరుగు మీదే, ఆ ఈగల మధ్యే కూర్చుని మూట విప్పాను. కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయింది.